టెంట్ హౌస్ పేరుకూ వెల ఉంది: అద్దె వ్యాపారంలో గుడ్‌విల్ లెక్క

మన బస్తీల్లో, మండల కేంద్రాల్లో అద్దె మీద నడిచే వ్యాపారాలు చాలా ఉన్నాయి. టెంట్ హౌస్, సప్లయింగ్ కంపెనీ, పెళ్లి వంట పాత్రలు, డెకరేషన్ సామాను, కార్ల ట్రావెల్స్, ఇల్లు కట్టేవాళ్లకు సెంట్రింగ్ సామాను... వీటిలో ఎక్కువ భాగం అన్నదమ్ములో, బావమరుదులో కలిసి పెట్టుకున్నవే. వ్యాపారం బాగా నడిచినన్నాళ్లు లెక్కల గురించి ఎవరూ పెద్దగా అడగరు. ఒక అన్న విడిపోతానన్నప్పుడు, ఒక తమ్ముడు చనిపోయినప్పుడు, లేదా ఎవరైనా వచ్చి షాపు మొత్తం కొంటానన్నప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. ఈ వ్యాపారం విలువ ఎంత?

అప్పుడు కుర్సీలు లెక్కపెడతారు, డేగ్‌లు తూకం వేస్తారు, షామియానాలు విప్పి చిరుగులు చూస్తారు. 30 ఏళ్లుగా ఊళ్లో నిలబడ్డ పేరును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ పేరు విలువనే అకౌంట్స్ భాషలో గుడ్‌విల్ అంటారు. పుస్తకాల్లో అది కనిపించదు కాబట్టి లేదనుకుంటాం. పుస్తకంలో లేకపోవడం వేరు, విలువ లేకపోవడం వేరు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది వ్యాపారం నుంచి బయటికి వచ్చేవాళ్లు. చాలాసార్లు వాళ్లు భర్తను పోగొట్టుకున్న భాభీలు, చిన్న పిల్లలు.

గుడ్‌విల్ అంటే ఏది, ఏది కాదు?

మన దగ్గర ఈ మాటకు బజారు అర్థం ఒకటుంది. మున్సిపల్ కాంప్లెక్స్‌లో షాపు దక్కించుకోవడానికి కట్టే తిరిగిరాని సొమ్మునూ, పాత కిరాయిదారుకు ఇచ్చే పగిడీనీ కూడా "గుడ్‌విల్" అనే పిలుస్తాం. అది ఆ స్థలంలో ఉండే హక్కు కోసం ఇచ్చిన డబ్బు. ఈ వ్యాసంలో మాట్లాడే గుడ్‌విల్ అది కాదు.

అకౌంట్స్‌లో గుడ్‌విల్ అంటే ఆ వ్యాపారానికి మామూలు కంటే ఎక్కువ లాభం తెచ్చిపెట్టే మంచిపేరు, అలవాటైన గిరాకీ. ఒకే వీధిలో రెండు టెంట్ హౌస్‌లు ఉన్నాయి. రెండింటి దగ్గరా అవే కుర్సీలు, అవే పాత్రలు. అయినా వలీమా అనగానే జనం మొదట ఒకదానికే ఫోన్ చేస్తారు. సామాను వేళకు వస్తుందని, లెక్క తప్పు ఉండదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఏటా అదనంగా వచ్చే లాభమే గుడ్‌విల్‌కు ఆధారం.

కంటికి కనబడని ఆస్తి గుడ్‌విల్ ఒక్కటే కాదు. రిజిస్టర్ చేసిన ట్రేడ్‌మార్క్, వెబ్‌సైట్ పేరు, బుకింగ్ సాఫ్ట్‌వేర్, ఫంక్షన్ హాల్‌తో రెండేళ్లకు రాసుకున్న కాంట్రాక్టు ఇలాంటివీ ఉన్నాయి. వీటిని అదృశ్య ఆస్తులు అంటారు. వీటికీ గుడ్‌విల్‌కూ ముఖ్యమైన తేడా ఒకటుంది. ట్రేడ్‌మార్క్‌ను విడిగా వేలు పెట్టి చూపించవచ్చు, విడిగా అమ్మవచ్చు. గుడ్‌విల్ వ్యాపారంతో అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీసి సంచిలో పెట్టి ఇవ్వలేం.

పుస్తకాల్లో ఎందుకు కనబడదు?

మన దేశంలో చిన్న, మధ్య తరహా సంస్థలు పాటించే అకౌంటింగ్ స్టాండర్డ్‌లలో ఏఎస్ 26 అదృశ్య ఆస్తుల గురించి చెబుతుంది. దాని నియమం స్పష్టంగా ఉంది. మనం సొంతంగా సంపాదించుకున్న గుడ్‌విల్‌ను ఆస్తిగా పుస్తకంలో రాయకూడదు. మనమే పెంచుకున్న బ్రాండ్ పేరు, మనమే తయారుచేసుకున్న గిరాకీల జాబితా కూడా అంతే. ఎందుకంటే వాటికి ఎంత ఖర్చయిందో నమ్మకంగా లెక్కకట్టలేం. ఎవరికి వాళ్లు తమ పేరుకు కోటి రూపాయలని రాసుకుంటే బ్యాంకులూ అప్పులిచ్చేవాళ్లూ మోసపోతారు.

కాబట్టి పేపరు ప్రకటనలు, బోర్డులు, ఇన్‌స్టాగ్రామ్ పేజీకి పెట్టిన డబ్బు ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది. పనివాళ్లకు నేర్పిన పనీ ఆస్తి కాదు, వాళ్లు రేపు వెళ్లిపోవచ్చు. బుకింగ్ సాఫ్ట్‌వేర్ కొంటే మాత్రం దాన్ని ఆస్తిగా రాసి, వాడుకునే ఏళ్ల మీద పంచుతారు. దీన్ని అమార్టైజేషన్ అంటారు. కుర్సీలకు తరుగుదల రాసినట్టే, కనబడని ఆస్తికి ఇది. ఏఎస్ 26 ప్రకారం మామూలుగా ఆ కాలం 10 ఏళ్లు దాటకూడదు. అంతకంటే ఎక్కువ కాలం పనికొస్తుందని గట్టి రుజువుంటే వేరే సంగతి.

ఈ నియమాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. "బ్యాలెన్స్ షీట్‌లో గుడ్‌విల్ లేదు కదా, అందుకే వాటాలోకి రాదు" అంటారు. స్టాండర్డ్ చెప్పేది ఏటేటా రాసే బ్యాలెన్స్ షీట్ గురించి. విడిపోయేటప్పుడు ఎవరికి ఎంత రావాలన్నది చట్టమూ ఒప్పందమూ చెప్పాల్సిన విషయం.

చట్టం ఏమంటుంది?

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థ ఆస్తిలో గుడ్‌విల్ కూడా భాగమే. 55వ సెక్షన్ ప్రకారం సంస్థ రద్దయి లెక్కలు తేల్చేటప్పుడు గుడ్‌విల్‌ను ఆస్తుల్లో కలపాలి. దాన్ని విడిగా గానీ, మిగతా ఆస్తితో కలిపి గానీ అమ్మవచ్చు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది.

మరి ఒక భాగస్వామి చనిపోయినా సంస్థ రద్దు కాకుండా కొనసాగితే? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970లో ఖుషాల్ ఖేమ్‌గర్ షా కేసులో తీర్పు వచ్చింది. ఒక భాగస్వామి చనిపోతే మిగిలినవాళ్లు వ్యాపారం కొనసాగించారు. చనిపోయిన వ్యక్తి భార్య, మిగతా వారసులు గుడ్‌విల్‌లోనూ వాటా అడిగారు. డీడ్‌లో గుడ్‌విల్ మాట లేదు కాబట్టి వాటా లేదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. గుడ్‌విల్ సంస్థ ఆస్తి, దాని విలువలో వారసులకు హక్కు ఉంటుందని చెప్పింది.

37వ సెక్షన్ కూడా గుర్తుంచుకోవాలి. లెక్కలు తేల్చకుండానే మిగిలిన భాగస్వాములు ఆ ఆస్తితో వ్యాపారం నడుపుతుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, బయటికి వచ్చినవాళ్లు లేదా చనిపోయినవాళ్ల వారసులు రెండింట్లో ఒకటి కోరుకోవచ్చు. ఒకటి, తమ వాటా ఆస్తి వల్ల వచ్చిన లాభంలో భాగం. రెండోది, ఆ వాటా మొత్తం మీద ఏటా 6 శాతం వడ్డీ. వడ్డీ వద్దనుకునే కుటుంబాలకు మొదటి దారి చట్టంలోనే ఉంది.

మన కుటుంబాలకు ఇంకో ముఖ్యమైన విషయం. హిందూ అవిభక్త కుటుంబం అనే చట్టపరమైన ఏర్పాటు ముస్లింలకు వర్తించదు. అంటే ఉమ్మడిగా ఉంటున్నామని చెప్పినంత మాత్రాన వ్యాపారం అందరిదీ అయిపోదు. అబ్బా ఒక్కరి పేరు మీద ఉంటే అది ఆయన సొంత వ్యాపారం. ఆయన తర్వాత కుర్సీలే కాదు, ఆ పేరు విలువ కూడా ఆయన వదిలిన ఆస్తిలో భాగమే, ఆడబిడ్డల వాటాతో సహా. 20 ఏళ్లు షాపులో కష్టపడ్డ కొడుకు భాగస్వామా, జీతగాడా, ఊరికే సాయం చేసినవాడా అన్నది రాతలో లేకపోతే తేల్చడం చాలా కష్టం.

లెక్క ఎలా కడతారు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముగ్గురు అన్నదమ్ములు సమాన వాటాలతో టెంట్ హౌస్ నడుపుతున్నారు. సామాను, వ్యాను, బ్యాంకులో డబ్బు కలిపి 30 లక్షలు. బట్ట దుకాణానికి బాకీ, గిరాకీల అడ్వాన్సులు, డిపాజిట్లు కలిపి ఇవ్వాల్సింది 6 లక్షలు. మిగిలేది 24 లక్షలు.

ఇక్కడ అద్దె వ్యాపారంలో తరచూ జరిగే తప్పు ఒకటి చెప్పాలి. సామాను పగలకుండా తిరిగొస్తే వెనక్కి ఇస్తామని తీసుకున్న డిపాజిట్ ఆదాయం కాదు, అప్పు. అద్దెకు వెళ్లిన సామాను మాత్రం ఎవరి ఇంట్లో ఉన్నా మన ఆస్తే. ఈ రెండూ సరిగ్గా రాయకపోతే తర్వాతి లెక్క అంతా తప్పుతుంది.

చిన్న తమ్ముడు చనిపోయాడు. పెద్దన్న మంచి మనసుతోనే అన్నాడు: "భాభీ, 24 లక్షల్లో మీ వాటా 8 లక్షలు. రేపే ఇచ్చేస్తాం." గుడ్‌విల్ ఈ లెక్కలో లేదు.

గత మూడేళ్ల లాభం 12 లక్షలు, 9 లక్షలు, 15 లక్షలు. సగటు 12 లక్షలు. దీన్ని అలాగే తీసుకోకూడదు. ముగ్గురూ జీతం లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేశారు. అదే పనికి మనుషులను పెట్టుకుంటే ఒక్కొక్కరికి నెలకు 20 వేల చొప్పున ఏడాదికి 7 లక్షల 20 వేలు అయ్యేది. అది తీసేస్తే అసలు లాభం 4 లక్షల 80 వేలు. కష్టానికి వచ్చిన డబ్బును పేరుకు వచ్చిన డబ్బుగా లెక్కపెట్టకూడదు. ఇది మిగిలిన అన్నదమ్ములకు న్యాయం.

ఇప్పుడు వాడుకలో ఉన్న మూడు పద్ధతులు చూద్దాం.

మొదటిది, సగటు లాభం పద్ధతి. 4 లక్షల 80 వేలను ఇన్నేళ్లని ఒప్పుకున్న సంఖ్యతో గుణిస్తారు. మూడేళ్లు అనుకుంటే గుడ్‌విల్ 14 లక్షల 40 వేలు. ఒక వాటాకు 4 లక్షల 80 వేలు.

రెండోది, అధిక లాభం పద్ధతి. 24 లక్షల పెట్టుబడికి ఇలాంటి వ్యాపారంలో మామూలుగా 10 శాతం వస్తుందనుకుంటే 2 లక్షల 40 వేలు. వచ్చేది 4 లక్షల 80 వేలు. అదనంగా వచ్చే 2 లక్షల 40 వేలే పేరు వల్ల వచ్చింది. మూడేళ్లకు 7 లక్షల 20 వేలు. ఒక వాటాకు 2 లక్షల 40 వేలు.

మూడోది, మూలధనీకరణ పద్ధతి. 10 శాతం చొప్పున ఏటా 4 లక్షల 80 వేలు రావాలంటే 48 లక్షల పెట్టుబడి కావాలి. ఉన్నది 24 లక్షలు. మిగతా 24 లక్షలు గుడ్‌విల్. ఒక వాటాకు 8 లక్షలు.

అదే షాపు, అవే లాభాలు. పద్ధతి మారితే ఒక వాటాకు వచ్చే గుడ్‌విల్ 2 లక్షల 40 వేల నుంచి 8 లక్షల దాకా మారింది. ఏది సరైనది అంటే ఒకే జవాబు లేదు. అందుకే మనుషుల మధ్య మనస్పర్ధలు రాకముందే, ఏ పద్ధతి, ఎన్ని సంవత్సరాలు, ఎంత శాతం అన్నది డీడ్‌లో రాసుకోవాలి.

పుస్తకంలో ఎంట్రీ

రెండో పద్ధతికి అందరూ ఒప్పుకున్నారనుకుందాం. అప్పుడు కూడా 7 లక్షల 20 వేల గుడ్‌విల్‌ను ఆస్తిగా పుస్తకంలో రాయరు. మిగిలిన ఇద్దరి వాటాలు మూడో వంతు నుంచి సగానికి పెరిగాయి. వాళ్లు పొందింది కాబట్టి వాళ్లే ఇవ్వాలి. ఒక్కొక్కరి పెట్టుబడి ఖాతాలో 1 లక్షా 20 వేలు డెబిట్ చేసి, చనిపోయిన తమ్ముడి ఖాతాలో 2 లక్షల 40 వేలు క్రెడిట్ చేస్తారు. భాభీకి, పిల్లలకు చేరాల్సింది 8 లక్షలు కాదు, 10 లక్షల 40 వేలు.

దీనికి తోడు సామాను అసలు ధర చూడాలి. తరుగుదల రాసి రాసి పుస్తకంలో వందల్లోకి వచ్చిన ఇత్తడి పాత్రలకు బజారులో మంచి ధర ఉండవచ్చు. ఆ తేడాను సామాను విలువను మళ్లీ కట్టి తేల్చాలి, గుడ్‌విల్‌లో కలపకూడదు.

వ్యాపారాన్ని అమ్మితే, కొంటే?

బయటివాళ్లు డబ్బిచ్చి కొన్నప్పుడు గుడ్‌విల్ మొదటిసారి పుస్తకంలోకి వస్తుంది. ఒక కంపెనీ ఇదే టెంట్ హౌస్‌ను 40 లక్షలకు కొన్నదనుకుందాం. సామాను బజారు ధర 33 లక్షలు, ట్రేడ్‌మార్క్ 3 లక్షలు, ఫంక్షన్ హాల్ కాంట్రాక్టు 2 లక్షలు. మొత్తం 38 లక్షలు. బాకీలు 6 లక్షలు తీసేస్తే 32 లక్షలు. ఇచ్చిన 40 లక్షల్లో మిగతా 8 లక్షలు గుడ్‌విల్. అంటే ముందుగా పేరు పెట్టి చూపించగలిగిన ప్రతి ఆస్తినీ విడిగా లెక్కకట్టాలి. మిగిలిందే గుడ్‌విల్.

తర్వాత దాన్ని ఏం చేస్తారన్నది కంపెనీ స్థాయిని బట్టి ఉంటుంది. కంపెనీల విలీనాలకు వర్తించే ఏఎస్ 14 ప్రకారం గుడ్‌విల్‌ను మామూలుగా 5 ఏళ్లలోపు ఖర్చుగా రాసేయాలి. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలు, 250 కోట్లు అంతకు మించి నికర విలువ ఉన్న కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్‌లలో దారి వేరు. అక్కడ గుడ్‌విల్‌ను ఏటా కొంత చొప్పున తగ్గించరు. బదులుగా కనీసం ఏడాదికి ఒకసారి దాని విలువ నిజంగా ఉందా అని పరీక్షిస్తారు. లేదని తేలితే తగ్గించి నష్టంగా రాస్తారు. ఒకసారి తగ్గించిన గుడ్‌విల్‌ను మళ్లీ పెంచడానికి వీల్లేదు.

ఈ పరీక్ష ఎంత పెద్ద దెబ్బ కొడుతుందో అమెరికాలో కనబడింది. నిర్మాణ యంత్రాలు అద్దెకిచ్చే యునైటెడ్ రెంటల్స్ 1997లో మొదలై, చిన్న చిన్న అద్దె కంపెనీలను వరసగా కొంటూ పెరిగింది. కొన్న ప్రతిసారీ గుడ్‌విల్ పేరుకుంది. 2008 ఆర్థిక సంక్షోభంలో నిర్మాణాలు ఆగిపోగానే సుమారు 110 కోట్ల డాలర్ల గుడ్‌విల్‌ను నష్టంగా రాయాల్సి వచ్చింది. జేబులోంచి ఆ ఏడాది పోయిన డబ్బు కాదది. గతంలో ఎక్కువ ఆశతో ఇచ్చిన ధర ఇక తిరిగిరాదని ఒప్పుకోవడం.

అమ్మినవాళ్లకూ ఒక షరతు ఉంది. గుడ్‌విల్ అమ్మిన భాగస్వామి మళ్లీ అదే వ్యాపారం పెట్టుకోవచ్చు. కానీ, వేరే ఒప్పందం లేకపోతే, పాత పేరు వాడకూడదు, పాత సంస్థ తరఫున ఉన్నట్టు చెప్పుకోకూడదు, పాత గిరాకీలను తనవైపు రమ్మని అడగకూడదు. ఫలానా ఊళ్లో ఇన్నేళ్లు పెట్టనని ఒప్పందం రాసుకుంటే, ఆ హద్దులు సమంజసంగా ఉన్నప్పుడు అది చెల్లుతుంది.

పన్నుల సంగతి

గుడ్‌విల్ మీద ఆదాయపు పన్నులో తరుగుదల దొరుకుతుందని పాత సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2012లో స్మిఫ్స్ సెక్యూరిటీస్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. కానీ 2021 ఫైనాన్స్ చట్టంతో అది పోయింది. 2020-21 ఆర్థిక సంవత్సరం నుంచి, డబ్బిచ్చి కొన్న గుడ్‌విల్‌కు కూడా తరుగుదల లేదు. ట్రేడ్‌మార్క్, లైసెన్సు, ఫ్రాంచైజీ లాంటి హక్కులకు మాత్రం 25 శాతం చొప్పున ఉంది. అందుకే కొనేటప్పుడు ఏ ఆస్తికి ఎంత ధర అన్నది ఒప్పందంలో నిజాయితీగా విడదీసి రాసుకోవడం ముఖ్యం.

అమ్మేవాళ్ల వైపు చూస్తే, సొంతంగా సంపాదించుకున్న గుడ్‌విల్‌కు కొన్న ధర లేదు. 1981లో ఒక అగరుబత్తి సంస్థ కేసులో, కొన్న ధరే లేనప్పుడు మూలధన లాభం పన్ను వేయలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత చట్టం మార్చి, కొన్న ధరను సున్నాగా తీసుకోవాలన్నారు. అంటే వచ్చిన మొత్తం లాభమే. వ్యాపారం మొత్తాన్ని ఒకే ధరకు అమ్మితే స్లంప్ సేల్ అనే వేరే లెక్క ఉంటుంది. భాగస్వామికి వాటా ఇచ్చి పంపేటప్పుడు కూడా, 2021 మార్పుల తర్వాత, సంస్థ మీద పన్ను పడే అవకాశం ఉంది. చెక్కు రాయకముందే సీఏను కలవండి. జీఎస్టీలో మాత్రం నడుస్తున్న వ్యాపారాన్ని పూర్తిగా బదిలీ చేస్తే పన్ను మినహాయింపు ఉంది.

డీడ్‌లో ఏం రాసుకోవాలి?

వ్యాపారం ఎవరిది, ఎవరి వాటా ఎంత, ఎవరికి జీతం ఎంత అన్నది స్పష్టంగా రాయండి.

గుడ్‌విల్ లెక్కకు ఏ పద్ధతి, ఎన్నేళ్ల లాభాల సగటు, మామూలు లాభం ఎంత శాతం అన్నది సంఖ్యలతో రాయండి.

ఒకరు చనిపోతే వ్యాపారం కొనసాగుతుందా, వారసులకు ఎన్ని నెలల్లో, ఎన్ని వాయిదాల్లో ఇస్తారో రాయండి. మొత్తం ఒకేసారి ఇవ్వాలంటే సామాను అమ్ముకోవాల్సి వస్తుంది.

షాపు పేరు, ఫోన్ నంబరు, వెబ్‌సైట్, సోషల్ మీడియా పేజీ ఎవరి పేరు మీద ఉన్నాయో, విడిపోతే ఎవరికి పోతాయో రాయండి. ఈ రోజుల్లో బుకింగ్‌లు ఆ ఫోన్ నంబరుకే వస్తాయి.

షాపు పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించండి. టెంట్లు, కుర్సీల అద్దె 43వ తరగతిలోకి, వాహనాల అద్దె 39వ తరగతిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చు.

సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు లేని సంస్థలో భాగస్వామి తన ఒప్పంద హక్కుల కోసం కోర్టుకెళ్లే దారి చాలా ఇరుకు. రద్దు కోసం, రద్దయిన సంస్థ లెక్కల కోసం మాత్రం దావా వేయవచ్చు.

ప్రతి ఏడాది లాభనష్టాల లెక్క కాపీ భాగస్వాములందరి ఇళ్లకూ చేరాలి. ఇంట్లో ఆడవాళ్లకూ ఆ కాగితాలు ఎక్కడున్నాయో తెలియాలి. గుడ్‌విల్ లెక్కకు మూడేళ్ల లాభాల కాగితాలే ఆధారం. అవి లేకపోతే చట్టం ఇచ్చిన హక్కు కూడా అడగడం కష్టమవుతుంది.